బట్టీ గడ్డసున్నం: పాత చర్చి రాతిగోడకు కొనొచ్చు, మూడు నెలల ఓపికుంటే

బరంపురం, పర్లాకిమిడి కొట్లలో చర్చి రాతి సందులు నింపడానికి సున్నం అడిగితే, ముందు చేతికొచ్చేది వెల్ల వేసుకునే పొడి సంచి. గాలి తగిలి సగం సుద్దయిపోయి ఉంటుంది, పట్టు నిలవదు. ఐదు మార్కులకి ఒకటి.

అడగాల్సింది బట్టీ గడ్డలు, కట్టుబడి సున్నానికి భారత ప్రమాణమైన ఐఎస్ 712లో సి తరగతి. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉండాలి. బరువుగా ఉంటే లోపల కాలని రాయి ఉన్నట్టే. ఒక ముక్క నీళ్లలో వేసి చూడండి: బుసకొట్టి విచ్చుకుంటే తీసుకోండి. డ్రమ్ములో నీళ్లు పోసి గడ్డలు వెయ్యాలి, గడ్డల మీద నీళ్లు పొయ్యకూడదు, చిమ్మి కళ్లు పోతాయి. నానిన ముద్దను జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్లుంచి కనీసం మూడు నెలలు ఉంచాలి. తొందరపడితే నానని పలుకులు గోడలోకెళ్లి ఉబ్బి, నింపిన సందును పొక్కుల్లా పగలగొడతాయి.

ఇది గాలికి గట్టిపడే సున్నం, ఒక్కటే వానకి ఆగదు. కలపాల్సిన పాళ్లు: ముద్ద 1, సుర్కీ (ఇటుక పొడి) అర, ఉప్పులేని గరుకు ఇసుక 2. నీళ్లు కలపకుండా రోకలితో దంచితే ముద్దలో ఉన్న తేమే సరిపోతుంది. మేస్త్రీలు చెంబెడు పోస్తారు, ఆ చెంబే ఎండాక బీటవుతుంది.

సిమెంటు ఎందుకు వద్దో ఈ ప్రాంతంలో కొత్తగా చెప్పక్కర్లేదు. మన కొండరాయి ఖొండలైట్‌లో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మట్టిగా మారే గుణం ముందే ఉంది. సిమెంటుతో సందు బిగుసుకుంటే తడి, ఉప్పు రాతి మొహం నుంచే బయటికొస్తాయి. రాయి పొడై రాలిపోతే, సిమెంటు గీత మాత్రం గట్టులా నిలబడి ఉంటుంది. దాన్ని తియ్యడానికి సన్న ఉలే వాడాలి. గ్రైండరు పెడితే రాతి అంచులు పోతాయి.

సందు వెడల్పుకి రెండింతల లోతు, కనీసం 25 మిల్లీమీటర్లు తియ్యాలి. దుమ్ము దులిపి, తడిపి, విడతకి 12 మిల్లీమీటర్లకి మించకుండా కూరాలి. పది రోజులు తడి గోనె కప్పాలి.

దిగుమతి ఎన్‌హెచ్‌ఎల్ 3.5 (నీటితోనూ గట్టిపడే సహజ సున్నం) పిట్టగోడకి, పునాది వరసకి మేలే. 28 రోజులకి 3.5 నుంచి 10 మెగాపాస్కల్ బలమొస్తుంది. పెచ్చులూడే మెత్తరాతికి మాత్రం అది ఎక్కువే. ఖరీదు సంగతి సరే, తెరిచిన సంచి నిలవుండదు.

గడ్డసున్నానికి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ, ఒకే లోడులో కాలనివీ మాడినవీ కలిపి పంపుతున్నందుకు. జల్లెడలో మిగిలిన రాళ్లు తూచి, ఆ బరువు బిల్లులో తగ్గించమని ముందే మాట్లాడుకోండి. మూడు నెలల ముందే నానబెడితేనే వానలు తగ్గాక పనికొస్తుంది.