గ్రఫానాలో జేసన్ గ్రాఫు: నేరుగా చదవాలా, దాచుకుని గీయాలా?

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఉష్ణోగ్రత, తేమ సెన్సర్లు ఒక యూఆర్‌ఎల్‌లో జేసన్ (పేరు, విలువ జతలుగా డేటా రాసే టెక్స్టు రూపం) ఇస్తున్నాయనుకోండి. గ్రాఫులు గీసే గ్రఫానాలో, వెబ్ అడ్రసు నుంచి నేరుగా డేటా చదివే ఇన్ఫినిటీ ప్లగిన్ వేసి ఆ యూఆర్‌ఎల్ ఇస్తే చాలు, డేటాబేస్ అక్కర్లేదు. చిక్కల్లా, జేసన్‌లో ఇప్పటి రీడింగ్ ఒక్కటే ఉంటే గీత రాదు, చుక్కే వస్తుంది. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు గది ఎంత వేడెక్కిందో పొద్దున అడిగితే దాని దగ్గర జవాబుండదు.

డేటా సేకరించే ప్రోగ్రాము టెలిగ్రాఫ్ (Telegraf) అలా కాదు. ఎవరు చూసినా చూడకున్నా, డిఫాల్టుగా 10 సెకన్లకోసారి జేసన్ తెచ్చి, టైముతో సహా, అలాంటి రీడింగులు దాచే డేటాబేస్ అయిన ఇన్‌ఫ్లక్స్‌డీబీలో రాసిపెడుతుంది. గ్రఫానా అక్కణ్ణుంచి గీస్తుంది. సెటప్ కాస్త విసిగిస్తుంది: అంకె కొటేషన్లలో వస్తే టెలిగ్రాఫ్‌లో జేసన్ చదివే మామూలు పార్సర్ దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అయినా సరుకున్న గదికి నా ఓటు దీనికే.

ఆఫీసు టీవీ మీద ఇప్పటి అంకె చూపడానికైతే ఇన్ఫినిటీ చాలు. దానికి గ్రాఫెందుకు, ఒక్క అంకెను పెద్దగా చూపే స్టాట్ ప్యానెల్ పెట్టండి.