వైల్డ్‌ఫ్లవర్: పదహారేళ్ల ఎదురుచూపు సంగతి పక్కన పెట్టి వింటే

ది అవలాంచెస్ అనే ఆస్ట్రేలియా బ్యాండ్ 2016 జూలైలో విడుదల చేసిన 'వైల్డ్‌ఫ్లవర్' ఆల్బమ్‌ని వచ్చినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. రాగానే దాని గురించి విమర్శకులూ అభిమానులూ అన్న మాటల్లో ఏవి నిలబడ్డాయో, ఏవి తేలిపోయాయో ఇప్పుడు చెప్పొచ్చనిపిస్తోంది.

తెలియనివాళ్ల కోసం కాస్త నేపథ్యం. ఈ మెల్‌బోర్న్ వాళ్లు పాత రికార్డుల్లోంచి చిన్న చిన్న బిట్లు తీసి, వాటినే ఒకదాని మీద ఒకటి పేర్చి కొత్త పాటలు కడతారు. 2000లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'సిన్స్ ఐ లెఫ్ట్ యూ'లో ఇలాంటి శాంపిల్స్ 3,500 దాకా ఉంటాయని ఒక అంచనా. మడోన్నా 'హాలిడే' బేస్ లైన్ కూడా అనుమతి తీసుకునే వాడారు. విమర్శకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ తర్వాత పదహారేళ్లపాటు ఇంకో ఆల్బమ్ లేదు. ఆ మధ్యలో బ్యాండ్ సభ్యుడు రాబీ చేటర్ ఏళ్ల తరబడి అనారోగ్యంతో బాధపడ్డాడు, మొదటి ఆల్బమ్‌లో ముఖ్యుడైన డారెన్ సెల్ట్‌మన్ బ్యాండ్ వదిలేశాడు. దాంతో 'వైల్డ్‌ఫ్లవర్' వచ్చేసరికి అందరూ పాటల్ని కాకుండా ఆ పదహారేళ్లనే తూకం వేశారు. ఆస్ట్రేలియా చార్టుల్లో నేరుగా మొదటి స్థానంలోకి వెళ్లింది, రివ్యూలు కూడా ఎక్కువ మంచివే. కానీ అభిమానుల్లో ఒక గొణుగుడు మాత్రం ఆగలేదు: గెస్టులు (బయటి నుంచి వచ్చి పాడేవాళ్లు) ఎక్కువ, ర్యాప్ ఎక్కువ, మొదటిదాంట్లోలా కిక్కిరిసిన అల్లిక లేదు అని.

ఈ గొణుగుడులో సగం 'ఫ్రాంకీ సినాట్రా' వల్లే వచ్చిందని నా నమ్మకం. ముందుగా బయటికొచ్చిన సింగిల్ అదే. 1940ల నాటి ట్రినిడాడ్ కాలిప్సో (అక్కడి జానపద పాటల శైలి) గాయకుడు విల్మోత్ హుడీని గొంతుని మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేసి, దాని మీద డానీ బ్రౌన్, ఎంఎఫ్ డూమ్ ర్యాప్ పెట్టారు. పాటలో తప్పేం లేదు, వాయిద్యాల ఊపు బాగానే ఉంటుంది, కానీ అన్నేళ్లు ఎదురుచూసినవాళ్ల చేతిలో ముందుగా పెట్టాల్సింది అది కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా త్వరగా మొహం మొత్తేది నాకు అదొక్కటే.

దాని పక్కనే ఉన్న 'సబ్‌వేస్' మాత్రం అస్సలు పాతబడలేదు. 1980లో న్యూయార్క్‌లో చాండ్రా ఓపెన్‌హైమ్ అనే పన్నెండేళ్ల అమ్మాయి రైళ్ల గురించి పాడిన పాటలోని గొంతుని, బీ జీస్ బృందం రాయగా గ్రాహమ్ బానెట్ పాడిన ఒక డిస్కో పాట రికార్డుతో కలిపారు. అమ్మాయి గొంతులో పట్టూ విడుపూ రెండూ లేని ఒక పొడితనం ఉంటుంది. కింద డిస్కో బేస్ నున్నగా జారిపోతుంటుంది. రెండూ ఒకే గదిలో రికార్డయినట్టు వినపడతాయి. అంతకుముందు వచ్చే 'బికాజ్ ఐ యామ్ మీ'లో కూడా ఇదే పనితనం: 1950ల చివర్లో న్యూయార్క్ పిల్లాడు దరువు మీద పాడిన పాట మెల్లగా మొదలై, ఉన్నట్టుండి హనీ కోన్ అనే అమెరికా గాయనుల బృందం 1971 హిట్ పాట సంగీతం దాని వెనక నుంచి పొంగుకొస్తుంది. ఆ క్షణంలో వాల్యూమ్ పెంచకుండా ఉండడం నా వల్ల కాదు.

విమర్శకులు తొందరపడ్డారని నేననేది ఆల్బమ్ రెండో సగం విషయంలో. విడుదలైన వారంలో రాసే రివ్యూలో సహజంగానే పేరున్న గెస్టుల గురించే ఎక్కువ రాస్తారు, 'ది నాయిజీ ఈటర్'లో ర్యాపర్ బిజ్ మార్కీ, పిల్లల బృందం పాడిన బీటిల్స్ 'కమ్ టుగెదర్' ముక్క, దానికి అనుమతి తెచ్చుకున్న కథ, ఇవన్నీ చెప్పుకోడానికి బాగుంటాయి కదా. కానీ ఆల్బమ్ ప్రాణం 'హార్మనీ' పాట దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి ర్యాప్ తగ్గి, గాలిలో తేలే గొంతులు, వీధి శబ్దాలు, సగంలో ఆగిపోయే రాగాలు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతాయి. అల్లిక పలచన అన్నవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'సన్‌షైన్' వినాలి, పొరలు ఎన్నున్నాయో తెలుస్తుంది.

వినే పద్ధతి గురించి ఒక మాట. పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుడతాయి కాబట్టి షఫుల్ పెట్టకండి, ఫోన్ ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రానివ్వని సెట్టింగ్) ఆన్ చేసుకోండి. మధ్యలో అర సెకను ఖాళీ వచ్చినా మొత్తం పాడవుతుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో కింది పొరలు చాలావరకు మాయమవుతాయి.

కాలం ఈ ఆల్బమ్‌కి ఒక బరువు కూడా తెచ్చింది. చివరి పాటలో మాట్లాడే కవి, గాయకుడు డేవిడ్ బర్మన్ 2019లో, ఎంఎఫ్ డూమ్ 2020లో, బిజ్ మార్కీ 2021లో పోయారు. అప్పట్లో గెస్టులు ఎక్కువన్నవాళ్లు కూడా ఈ ముగ్గురి గొంతులు అక్కర్లేదని ఇప్పుడు అనలేరు.

2020లో వచ్చిన మూడో ఆల్బమ్ 'వుయ్ విల్ ఆల్వేస్ లవ్ యూ'లో గెస్టులు ఇంకా ఎక్కువ. దానికి స్ఫూర్తి వాయేజర్ నౌకలు అంతరిక్షంలోకి మోసుకెళ్లిన గోల్డెన్ రికార్డ్, అంటే భూమి మీది శబ్దాలూ సంగీతం ఉన్న డిస్క్ (అందులో మన తెలుగులో చెప్పిన శుభాకాంక్షలు కూడా ఉన్నాయి). అది కూడా ఇష్టమే, కానీ ఈ బ్యాండ్‌ని కొత్తగా వినేవాళ్లకి నేను 'వైల్డ్‌ఫ్లవర్'నే ఇస్తాను. సుమారు గంట పడుతుంది, 'ఫ్రాంకీ సినాట్రా' నచ్చకపోతే దాటేసి 'సబ్‌వేస్'కి వెళ్లిపోండి, అక్కడి నుంచి మాత్రం ఏదీ దాటెయ్యకండి.