పల్స్ కౌంటర్, రేట్ మీటర్: పాలిష్ లైన్ మీద చాలాకాలం వాడాక

చీమకుర్తిలో మా గ్రానైట్ పాలిష్ లైన్‌కి రెండు డిజిటల్ మీటర్లు పెట్టించాం. ఒకటి బెల్ట్ ఎన్ని మీటర్లు నడిచిందో లెక్కపెట్టే కౌంటర్. రెండోది నిమిషానికి ఎన్ని మీటర్ల స్పీడులో పోతోందో చూపే రేట్ మీటర్. గెలాక్సీ రాయికి (మా దగ్గర దొరికే నల్ల గ్రానైట్) స్పీడు ముఖ్యం. ఎక్కువైతే మెరుపు రాదు, తక్కువైతే షిఫ్ట్‌లో పని తెమలదు. రెండూ మామూలు 96×48 ఎంఎం సైజువే, ప్యానెల్ తలుపుకి 92×45 కోత పెడితే సరిపోతుంది. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ రకం మీటర్లలో అసలు తేడా అంతా మనం వేసే స్కేల్ ఫ్యాక్టర్‌లోనే వస్తుంది.

సెన్సర్ మీటర్‌కి పంపే ఒక్కో సిగ్నలే పల్స్. ఒక్క పల్స్‌కి బెల్ట్ ఎంత దూరం కదిలిందో, అదే ఫ్యాక్టర్. మా డ్రమ్ము షాఫ్ట్‌కి ఒక ప్లేటు, దానికి నాలుగు బోల్టులు, ఎదురుగా ప్రాక్సిమిటీ సెన్సర్. బోల్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా అది ఒక పల్స్ ఇస్తుంది. డ్రమ్ము వ్యాసం 300 ఎంఎం. 3.1416తో గుణిస్తే 942.48, నాలుగుతో భాగిస్తే 235.62 ఎంఎం. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ కౌంటర్‌లో దాన్నే మీటర్ల లెక్కన 0.2356 అని వేసి వెళ్లాడు. గుణకారం బాగానే ఉంది, బెల్ట్ మందం మాత్రం అందులో లేదు. మాది 10 ఎంఎం బెల్ట్. డ్రమ్ము మీద వంగేటప్పుడు పై పొర సాగుతుంది, అడుగు పొర నొక్కుకుపోతుంది, పొడవు మారనిది మధ్య పొర ఒక్కటే. కాబట్టి లెక్కకి తీసుకోవాల్సిన వ్యాసం 310. అప్పుడు పల్స్‌కి 243.47 ఎంఎం. తేడా మూడు శాతం పైమాటే. బెల్ట్ వెయ్యి మీటర్లు నడిస్తే కౌంటర్ 968 దగ్గరే ఆగుతుంది.

దీన్ని తేల్చడానికి నాకు నచ్చిన పద్ధతి ఇది. బెల్ట్ మీద చాక్‌పీసుతో గీత గీసి, మొత్తం చుట్టు టేపుతో కొలవాలి. మాది 28 మీటర్లు. కౌంటర్‌లో ఫ్యాక్టర్ 1 పెట్టి ఐదు చుట్లు తిప్పితే 140 మీటర్లకి 575 పల్సులు వచ్చాయి. 140ని 575తో భాగిస్తే 0.2435. సూత్రం చెప్పినదీ అదే. ఒక్క చుట్టుతో సరిపెట్టుకుంటే అటో ఇటో ఒక పల్స్ పోయినా శాతం దాకా తేడా కొడుతుంది, ఐదు చుట్లకి అది చాలావరకు సర్దుకుంటుంది. అడుగుల్లో కావాలంటే 3.2808తో గుణించి 0.7989 వేసుకోవచ్చు.

కౌంటర్ వరకు నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కరెంటు పోయి వచ్చినా అంకె పోదు. స్లర్రీ (రాతిపొడి కలిసిన నీళ్ళు) అంటిన చేతులతో నొక్కీ నొక్కీ బటన్ల మీది రబ్బరు చిరిగింది, దానికి ప్లాస్టిక్ కవర్ అంటించాం.

టెన్షన్ పెట్టింది రేట్ మీటరే. మా లైన్ నిమిషానికి 1.2 మీటర్లు పోతుంది. అంటే పన్నెండు సెకన్లకి ఒక పల్స్. మా మీటర్ పల్స్‌కీ పల్స్‌కీ మధ్య టైమును కొలిచి స్పీడు చెప్పే రకం. ఐదు సెకన్లలో పల్స్ రాకపోతే సున్నా చూపించేట్టు సెట్ చేసి ఉంది. "ఏంది సార్, బెల్ట్ తిరగతా ఉంటే సున్నా చూపిస్తాంది?" అని ఆపరేటర్ అడిగాడంటే అడగడా మరి! ఆ టైమును ఇరవై సెకన్లకి పెంచాం. సున్నా పోయింది గానీ బెల్ట్ ఆగిపోయాక కూడా పాత స్పీడే కాసేపు వెలుగుతూ ఉండేది. సెకనుకి ఎన్ని పల్సులు వచ్చాయో లెక్కపెట్టే రకమైతే ఇంకా ఘోరం. ఎక్కువసేపు సున్నా, పల్స్ పడ్డ సెకను మాత్రం 14.61 (0.2435ని 60తో గుణిస్తే వచ్చేది).

చివరికి షాఫ్ట్‌కి ఎన్‌కోడర్ పెట్టాం, అంటే ఒక్క చుట్టుకి 360 పల్సులు ఇచ్చే సెన్సర్. చుట్టుకి 0.974 మీటర్లు కాబట్టి పల్స్‌కి 0.0027056. రేట్ మీటర్ నిమిషం లెక్కన చూపాలి కాబట్టి దానికి 60తో గుణించి 0.1623 వేశాం. ఆ రోజు నుంచి అంకె నిలకడగా ఉంది. కౌంటర్‌ని కూడా ఎన్‌కోడర్ మీదికి మార్చాం. అక్కడొక చిక్కు వచ్చింది, మా కౌంటర్ దశాంశం తర్వాత నాలుగు స్థానాలే తీసుకుంటుంది. 0.0027 అని వేస్తే 0.2 శాతం అప్పుడే పోయింది. అందుకని సెంటీమీటర్లలో 0.2706 వేసి, డిస్‌ప్లేలో చుక్కని రెండు స్థానాలు ఎడమకి జరిపాం. చూసేవాళ్ళకి మీటర్లే కనిపిస్తాయి. ఎన్‌కోడర్ పంపే రెండు సిగ్నళ్ళనీ (ఫేజులు) కలిపి ఒక్కో పల్స్‌ని నాలుగుగా లెక్కపెట్టే మోడ్ ఒకటి మెనూలో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఫ్యాక్టర్‌ని నాలుగుతో భాగించాలి, లేదంటే బెల్ట్ నాలుగింతలు నడిచినట్టు చూపిస్తుంది.

ఇంకోటి, ఈ కౌంటర్ కొలిచేది బెల్ట్‌ని, స్లాబుల్ని కాదు. స్లాబుకీ స్లాబుకీ మధ్య ఖాళీ కూడా లెక్కలోకి వస్తుంది. స్లాబు పొడవు మాత్రమే కావాలంటే కౌంటర్ గేట్ ఇన్‌పుట్‌కి (లెక్కని ఆపీ, నడిపించే తీగ) స్లాబు ఉన్నప్పుడే పనిచేసే స్విచ్ కలపాలి. ముందు ఫొటో సెన్సర్ పెట్టి చూశాం, నీళ్ళ తుంపర్లకి పనికిరాలేదు. రోలర్ ఉన్న లిమిట్ స్విచ్ నిలబడింది. వెడల్పులు వేరువేరు కాబట్టి చదరపుటడుగులు ఎలాగూ చేత్తోనే రాసుకుంటున్నాం.

ఫ్యాక్టర్లన్నీ ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో రాసి ఉంచాను. ఈసారి 12 ఎంఎం బెల్ట్ వేద్దామంటున్నారు. వ్యాసం 312 అవుతుంది, అర శాతం పైనే మారుతుంది, కొత్త బెల్ట్ ఎక్కిన రోజే ఐదు చుట్లూ మళ్ళీ తిప్పాలి.