కృష్ణ తులసి అని సబ్జా గింజలు అంటగడుతున్నారు, చూసి కొనండి

ఆన్‌లైన్‌లో తులసి విత్తనాలు కొనాలనుకుంటున్న వాళ్ళు ఒక్క నిమిషం ఇది చదవండి. క్షీరాబ్ది ద్వాదశికి కోటలో కొత్త మొక్క ఉండాలని కృష్ణ తులసి విత్తనాలు తెప్పించాను. ప్యాకెట్ మీద ఊదా రంగు ఆకుల ఫోటో. మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. తీరా పెరిగాక చూస్తే నున్నగా మెరిసే పచ్చటి ఆకులు, తెల్లటి పూలు. ఆకు నలిపితే తులసి ఘాటు లేదు, సోంపు లాంటి తియ్యటి వాసన. అది రుద్రజడ. ఎండాకాలంలో మనం నానబెట్టుకుని తాగే సబ్జా గింజలు ఆ మొక్కవే.

అమ్మినవాళ్ళని అడిగితే "అదీ తులసి జాతేనండీ, విత్తనాలకి రిటర్న్ లేదు" అనేశారు. డబ్బు పెద్దది కాదు. పండగ వేళకి కోట బోసిపోయిందే, ఆ బాధ ఎవరు తీరుస్తారు?

ప్యాకెట్ తెరిచేటప్పుడే వీడియో తీసుకోండి. మట్టిలో చల్లే ముందు నాలుగు గింజలు స్పూన్‌ నీళ్ళలో వేయండి. సబ్జా నల్లగా ఉంటుంది, కాసేపటికే చుట్టూ తెల్లటి జిగురు పట్టి బాగా ఉబ్బుతుంది. తులసి గింజ గోధుమ రంగులో, ఆవగింజ కన్నా చాలా చిన్నగా ఉంటుంది. దానికీ పల్చటి పొర కడుతుంది కానీ అంత ఉబ్బదు. లిస్టింగ్‌లో తులసి, బేసిల్, సబ్జా మూడూ కలిపి రాసి ఉన్నా, ప్యాకింగ్ తేదీ లేకపోయినా అసలు ఆర్డరే పెట్టకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో మాట. అక్కడ హోలీ బేసిల్ పేరుతో దొరికే విత్తనాల్లో చాలావరకు కపూర్ తులసి అనే వేరే జాతివి. మంచి సువాసనే, కానీ మన ఇంటి తులసి కాదు.

మొలకలు రాలేదని మాత్రం వెంటనే అమ్మినవాళ్ళ మీద పడకండి. ఇంత సన్నటి గింజని లోతుగా పాతితే పైకి రాలేదు, చలి రోజుల్లో ఆలస్యం కూడా అవుతుంది. తడి మట్టి మీద చల్లి, అలా అదిమి, నీళ్ళు చిలకరిస్తూ రెండు వారాలు చూడండి.

అన్నిటికన్నా మేలు, పక్కింటి పిన్నిగారినో అత్తయ్యగారినో ఎండిన తులసి వెన్నులు నాలుగు అడగడం. అరచేతిలో నలిపి ఊదితే పొట్టు ఎగిరిపోయి గింజలు మిగులుతాయి. ఏ తులసో ఆ మొక్కని చూస్తేనే తెలిసిపోతుంది.