హైదరాబాద్‌లో ఫ్రైడ్ చికెన్‌కి టోలీచౌకి, సాసేజ్ బన్నుకి సికింద్రాబాద్

హైదరాబాద్ వెళ్తున్నానంటే చాలు, బిర్యానీ ఎక్కడ తినాలో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది. ఈసారి బిర్యానీ జోలికి పోకుండా ఫ్రైడ్ చికెన్, సాసేజ్ (ఖీమాని పొడుగ్గా గొట్టంలా చుట్టింది) శాండ్‌విచ్ దొరికే చిన్నచిన్న చోట్లే తిరగాలని విజయవాడలో బస్సెక్కేటప్పుడే అనుకున్నాను. తోడు మా బామ్మర్ది. మాదాపూర్‌లో ఉద్యోగం. ఏ సందులో ఏం బాగుంటుందో ఫోన్ తీయకుండా చెప్పేస్తాడు, సగం సార్లు నిజమే అవుతుంది.

ముందు బస సంగతి. ఇలాంటి తిరుగుడుకి కొండాపూర్, గచ్చిబౌలి వైపు రూమ్ తీసుకోమని చాలామంది అంటారు. నేను అమీర్‌పేటలో దిగాను. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్ళే మెట్రో బ్లూ లైన్, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే రెడ్ లైన్ కలిసేది అక్కడే. బ్లూ లైన్‌లో ఒక వైపు ఐటీ కారిడార్, ఇంకో వైపు సికింద్రాబాద్. సాయంత్రం హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో క్యాబ్ మీటర్ చూస్తూ కూర్చోవడం కంటే మెట్రోలో నిలబడటమే నయం. లాడ్జి శుభ్రంగానే ఉంది కానీ కోచింగ్ సెంటర్ల పిల్లల సందడి అర్ధరాత్రి దాకా తగ్గదు. బుకింగ్‌లో టిఫిన్ ఉచితం అని రాసుంది. పొద్దున్నే కిందికి దిగి అడిగితే రిసెప్షన్ కుర్రాడు 'అది పాత ఆఫర్ సార్' అని నవ్వాడు. పక్క సందులో బండి దగ్గర ఇడ్లీ తిన్నాను, అది లాడ్జి పెట్టే టిఫిన్ కంటే బాగానే ఉండి ఉంటుంది.

ఈ తిరుగుడంతటిలో నాకు బాగా నచ్చింది టోలీచౌకి. అక్కడికి మెట్రో లేదు. రాయదుర్గంలో దిగి ఆటో పట్టుకోవాలి. చీకటి పడ్డాకే వెళ్ళండి, పగలు సగం షాపులు నిద్రలోనే ఉంటాయి. షా గౌస్ హోటల్ దగ్గర బిర్యానీ కోసం నిలబడ్డ జనాన్ని దాటి కొంచెం ముందుకెళ్తే షవర్మా, మందీ (అరబ్బు పద్ధతిలో మాంసంతో వండే అన్నం), బ్రోస్టెడ్ చికెన్ బోర్డులే కనిపిస్తాయి. గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చిన కుటుంబాలు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. సౌదీలోని జిద్దాలో 1974లో మొదలైన అల్‌బైక్ ఫ్రైడ్ చికెన్ రుచి నాలుక మీద ఉన్నవాళ్ళు ఊరికే సరిపెట్టుకోరు కదా. అందుకే ఇక్కడ షాపులవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేయిస్తారు.

బ్రోస్టెడ్ అంటే మూత బిగించిన ఫ్రయ్యర్‌లో ఒత్తిడి మీద వేయించడం. 1950లలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈ మెషీన్‌ని అమ్మడం మొదలుపెట్టారు. అంతకుముందే 1939లో కేఎఫ్‌సీ కర్నల్ శాండర్స్ ప్రెషర్ కుక్కర్‌లో చికెన్ వేయించి చూశాడు. ఒత్తిడి వల్ల ముక్కలోని తేమ ఆవిరైపోకుండా ఉంటుంది, పది పన్నెండు నిమిషాల్లో ఎముక దాకా ఉడుకుతుంది. మామూలు మూకుడులో అదే సైజు లెగ్ పీసు వేస్తే పైన మాడేసరికి లోపల ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంటుంది.

మేం కూర్చున్న షాపులో నాలుగే టేబుళ్ళు, గోడకో ఫ్యాను. ఆర్డర్ తీసుకున్నతను 'దస్ మినట్ రుకో భాయ్, తాజా నికాల్తూఁ' (పది నిమిషాలు ఆగు, తాజాగా వేయించి తీసిస్తా) అన్నాడు. ఆ మాట వినగానే నాకు సగం నమ్మకం కుదిరింది. అద్దాల పెట్టెలో బల్బు కింద పేర్చిన ముక్కలు వెంటనే తీసిచ్చే చోట నేను తినను. వచ్చిన ప్లేటులో నాలుగు ముక్కలు, ఫ్రైస్, ఒక బన్ను, వెల్లుల్లి పేస్టు. మూడు వందల లోపే. పై పొర పలచగా, కరకరలాడుతూ ఉంది. లోపల ఉప్పు, మిరియాలు ఎముక దాకా పట్టాయి. ఉప్పునీళ్ళలో నానబెట్టకుండా పైపైన మసాలా అద్దితే ఆ రుచి రాదు. బామ్మర్ది మాత్రం 'కారం లేదు బావా' అని గొణిగాడు. ఆంధ్రా నాలుకకి అది నిజమే. గ్రీన్ చట్నీ అడిగితే ఇస్తారు, దాంతో సర్దుకోవచ్చు.

వెల్లుల్లి పేస్టు గురించి ఒక మాట. చాలా చోట్ల అది మయోనైజ్‌లో వెల్లుల్లి కలిపిందే. బంజారాహిల్స్‌లో మోమోలు తిని జనం ఆసుపత్రి పాలయ్యాక, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. నేనైతే ఏ షాపులోనైనా 'ఎగ్‌లెస్సేనా' అని ఒకసారి అడుగుతాను. వేసవిలో అయితే మరీను.

గచ్చిబౌలిలో డీఎల్ఎఫ్ ఐటీ ఆఫీసుల ఎదురుగా ఉన్న బండ్ల వరసకి పేరెక్కువ. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి నిలబడటానికి చోటుండదు. అక్కడి చికెన్ పకోడీ బాగుంది. కరివేపాకు, పచ్చిమిర్చి వేసి మళ్ళీ ఒక్క మునక వేయించి, పైన ఉల్లిపాయ, నిమ్మచెక్క. వంద గ్రాముల లెక్కన తూచి ఇస్తారు. ముందు నూనె వైపు ఒక చూపు వేయండి. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే అందులో పుట్టే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి ఫుడ్ సేఫ్టీ నిబంధన ఉంది. బండి దగ్గర దాన్ని కొలిచేదెవరు? నూనె నల్లబడి, నురగ కట్టి, ముక్కలు వేయకముందే పొగ వస్తుంటే పక్క బండికి వెళ్ళిపోవడమే మనకున్న పరీక్ష. ఎర్ర రంగు దట్టంగా పట్టించిన ముక్కలు కూడా నేను ముట్టను.

అదే వరసలో ఒక బండి దగ్గర తిన్న హాట్‌డాగ్ (పొడుగు బన్నులో సాసేజ్) మాత్రం డబ్బు దండగ. ఫ్రీజర్‌లోంచి తీసిన సాసేజ్‌ని నేరుగా నూనెలో వేశాడు. పైన తోలు ముడుచుకుపోయింది, మధ్యలో చల్లగా ఉంది. దాని మీద సాస్‌లు మూడు రంగుల్లో.

సాసేజ్ విషయంలో హైదరాబాద్ ఇంకా వెనకబడే ఉంది. ఇక్కడ హాట్‌డాగ్ అంటే దాదాపు ఎప్పుడూ చికెన్ సాసేజ్ అనుకోవచ్చు. పంది మాంసం పెడితే సగం మంది గిరాకీలు పోతారు. మామూలు షాపులన్నీ వాడేవి ఫ్యాక్టరీలో ముందే ఉడికించి గడ్డకట్టించిన ప్యాకెట్లే. అంటే సాసేజ్ అంతటా కాస్త అటూ ఇటూగా ఒక్కటే. తేడా వచ్చేదల్లా దాన్ని వేడి చేసే తీరులో, బన్నులో.

బన్ను కావాలంటే సికింద్రాబాద్ వైపు వెళ్ళాలి. కంటోన్మెంట్, రైల్వే కుటుంబాల మధ్య పెరిగిన బేకరీలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. మారేడుపల్లి దగ్గర ఒక చిన్న బేకరీలో ఆ మధ్యాహ్నమే కాల్చిన పొడుగు బన్నుని చీల్చి, లోపలి వైపు వెన్న రాసి పెనం మీద పెట్టారు. సాసేజ్‌కి అడ్డంగా గాట్లు పెట్టి, అంచులు గోధుమరంగు వచ్చేదాకా పక్కనే కాల్చారు. ఆవాలు నూరిన సాస్, సన్నగా తరిగిన ఉల్లిపాయ, అంతే. మయోనైజ్ లేదు, చీజ్ లేదు. వంద రూపాయల్లో అయిపోయింది. ఇంకోటి చెప్పించాం.

సైనిక్‌పురి కేఫ్‌లలోనూ సాసేజ్ శాండ్‌విచ్ దొరుకుతుంది. చెట్ల నీడ, పాత ఇంటి వరండాలో కుర్చీలు, చక్కటి కాఫీ. కూర్చోవడానికి హాయిగా ఉంటుంది గానీ బిల్లు మూడింతలు, పైగా సర్వీస్ ఛార్జ్ కలిపారు. అది తప్పనిసరి కాదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాల్లో చెప్పింది. తీసేయమని అడిగితే మేనేజర్ కాస్త ముఖం మాడ్చి తీసేశాడు. అక్కడికీ మెట్రో లేదు, రానూ పోనూ బైక్ ట్యాక్సీయే చవక.

మాల్స్‌లోని పెద్ద చెయిన్ రెస్టారెంట్ల గురించి రాసేదేమీ లేదు. రుచి ఎక్కడైనా ఒకటే, ఏసీ ఉంటుంది, పిల్లలతో వెళ్తే టాయిలెట్ ఉంటుంది.

డెలివరీ యాప్‌లో మాత్రం బ్రోస్టెడ్ తెప్పించకండి. మూసిన డబ్బాలో ఆవిరికి పై పొర మెత్తబడిపోతుంది. తప్పదనుకుంటే షాపుకే వెళ్ళి, ముక్కల్ని కాగితం సంచిలో, సాస్‌లు విడిగా కట్టించుకోండి. టోలీచౌకి నుంచి అమీర్‌పేట లాడ్జికి అలా తెచ్చుకున్న ముక్కలు అరగంట తర్వాత కూడా కరకరలాడాయి.