లింకన్ చదువుకున్న చోట్లు: మా మూడు రోజుల ప్రయాణం

అబ్రహాం లింకన్ బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది కాదు. ఆ మాట ఆయనే రాసుకున్నారు. మరి అంత చదువు ఆయనకు ఎక్కడ అబ్బిందో చూద్దామని మా అబ్బాయిని తీసుకుని కెంటకీ, ఇండియానా, ఇల్లినాయ్ తిరిగొచ్చాను.

కెంటకీలోని హాడ్జెన్‌విల్ దగ్గర ఆయన పుట్టిన చోట పెద్ద స్మారక మందిరం ఉంది. ఆయన బతికిన ఏళ్లకు గుర్తుగా 56 మెట్లు. లోపలున్న చెక్క ఇల్లు నమూనా మాత్రమే. గంట చాలు. దగ్గర్లోని నాబ్ క్రీక్‌లో ఉన్నప్పుడే అక్క సారాతో కలిసి మొదట బడికి వెళ్లారు. పిల్లలంతా గొంతెత్తి పాఠం వల్లెవేసే బడి అది. ఆ రాత్రి దిగిన మోటెల్ గదిలో సిగరెట్ వాసన. మార్చమంటే వేరే గది లేదన్నారు. నిద్రే పట్టలేదు.

ఇండియానాలోని లింకన్ బాయ్‌హుడ్ నేషనల్ మెమోరియల్‌కి మాత్రం పూర్తి రోజు ఉంచుకోండి. ఏడేళ్ల వయసు నుంచి ఇరవై ఒకటి దాకా ఆయన పెరిగింది అక్కడే. 1818లో చనిపోయిన తల్లి నాన్సీ సమాధి అక్కడే ఉంది. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. మరుసటి ఏడాది వచ్చిన సవతి తల్లి సారా తనతో పుస్తకాలు తెచ్చింది, చదువుకోనిచ్చింది. నాకు ఆవిడే ఆ ఇంటి అసలు బడి అనిపించింది. అరువు తెచ్చిన వాషింగ్టన్ జీవిత చరిత్ర వానకు తడిస్తే, దాని ఖరీదు కింద లింకన్ మూడు రోజులు మొక్కజొన్న చేలో పనిచేశారు. అక్కడ ఆనాటి పద్ధతిలో నడిపే పొలం ఒకటి ఉంది. ఆనాటి దుస్తుల్లో దాన్ని చూపించే సిబ్బంది మా వాడి ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. ఆ పొలం ఏడాది పొడవునా నడవదు, కనుక్కుని వెళ్లండి.

రోడ్డుకు అవతలే లింకన్ స్టేట్ పార్క్. అందులో క్యాబిన్ తీసుకున్నాం. ముందే బుక్ చేసుకుంటే మంచిది. దీపం ఆర్పేసరికి కమ్ముకున్న చీకటి చూశాక, లింకన్‌లా పొయ్యి వెలుతురులో చదవడమంటే ఏమిటో మా వాడికి నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

హాడ్జెన్‌విల్ నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు టైమ్ జోన్ మారుతుంది, గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. టికెట్లూ బుకింగులూ ఉంటే టెన్షన్ పడకుండా ఇది గుర్తుంచుకోండి.

మూడో రోజు ఇల్లినాయ్‌లోని న్యూ సేలం. లింకన్ 1831లో ఒంటరిగా వచ్చి చేరిన ఊరు. వ్యాకరణం, భూముల సర్వే, తర్వాత న్యాయశాస్త్రం, అన్నీ ఇక్కడే సొంతంగా నేర్చుకున్నారు. 1836లో లాయరు లైసెన్సు వచ్చింది. ఇళ్లన్నీ మళ్లీ కట్టినవే. పీపాలు చేసే కొట్టు ఒక్కటే అసలుది. అక్కడ చెక్క తరుగు మంటేసుకుని, ఆ వెలుగులో రాత్రిళ్లు చదివేవారట. మేం ఆ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయాం.

దగ్గర్లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న లింకన్ మ్యూజియం చక్కగా ఉంది, చిన్నపిల్లలకు బాగా నచ్చుతుంది. పొయ్యి దగ్గర పుస్తకం పట్టుకున్న కుర్రాడి బొమ్మ కూడా ఉంది. కానీ మా వాడు మర్నాడు పొద్దున్నే ఆ కొట్టు మళ్లీ చూడాలన్నాడు. ఇరవై మైళ్లేగా, వెళ్లొచ్చాం.