ఎస్‌ఆర్‌జీబీనా, అడోబ్ ఆర్‌జీబీనా? పెళ్లి ఆల్బమ్‌కు ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి వైపు స్టూడియోల్లో ముహూర్తాలు దగ్గరపడితే ఈ వాదన తప్పదు: కెమెరాలో కలర్ స్పేస్ (ఫోటోలో ఎంతవరకు రంగులు పట్టాలో చెప్పే హద్దు) ఏది పెట్టాలి? అడోబ్ ఆర్‌జీబీలో రంగులెక్కువ, అదే పెడదామంటారు కుర్రాళ్లు. ల్యాబ్ వాళ్లు అడిగేది ఎస్‌ఆర్‌జీబీ, మనకెందుకు గొడవ అంటారు పాతవాళ్లు. పెళ్లి పని వరకు నేను పాతవాళ్ల వైపే. కాకపోతే వాళ్లు చెప్పే కారణం సగమే.

ఎస్‌ఆర్‌జీబీని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చాయి. అప్పటి మామూలు మానిటర్ చూపగలిగినంతే దాని పరిధి. ప్రింటింగ్ సిరాలకు అందే రంగులు కూడా పట్టాలని అడోబ్ 1998లో తన దాన్ని తెచ్చింది. మనిషి కంటికి కనిపించే రంగుల్లో మొదటిదానికి దక్కేది సుమారు 35 శాతం, రెండోదానికి 50 శాతం. ఈ లెక్క వింటే ఎవరికైనా రెండోదే కావాలనిపిస్తుంది. కానీ ఆ పెరిగింది ఎక్కడో చూడాలి. రెండింటికీ ఎరుపు బిందువు (ఆ హద్దులో అన్నిటికన్నా గాఢమైన ఎరుపు) ఒక్కటే, నీలం బిందువూ ఒక్కటే. ఆకుపచ్చ బిందువు మాత్రమే దూరం జరిగింది. అంటే లాభమంతా చిలకపచ్చలో, నెమలికంఠం రంగులో. పెళ్లికూతురి కుంకుమ రంగు పట్టుచీరకు దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

ఆ చీర దగ్గరే అసలు చిక్కు. బరంపురం పట్టు అంచు మీద కుంభాల వరస ఉంటుంది కదా, గుడి గోపురాల్లా కోసుగా. లైట్లు గట్టిగా కొట్టినప్పుడు రెడ్ ఛానల్ (ఫోటోలో ఎరుపు పాలు) గరిష్ఠమైన 255కి తగిలిందంటే ఆ నేతంతా పోయి ఒకే ఎర్ర ముద్ద మిగులుతుంది. స్క్రీన్ మీద ధగధగలాడుతుంది కాబట్టి డిజైనర్ మురిసిపోతాడు. ఆల్బమ్ చేతికొచ్చాక పెళ్లికూతురి తల్లి వేలు పెట్టి అడుగుతుంది, ‘అంచు ఏదయ్యా?’ అని. దీనికి మందు కలర్ స్పేస్ మార్చడం కాదు. రా ఫైలులో (కెమెరా దిద్దకుండా ఇచ్చే అసలు డేటా) ఎక్స్‌పోజర్ కాస్త దించి, ఎరుపు శాచురేషన్ (గాఢత) తగ్గించి, హిస్టోగ్రామ్‌లో (వెలుగు ఎంత ఎక్కడుందో చూపే గ్రాఫ్) రెడ్ ఛానల్‌ను విడిగా చూసుకోవాలి.

ఇక నష్టం సంగతి. అడోబ్ ఆర్‌జీబీ ఫైలును ప్రొఫైల్ (ఫైలులోని రంగు అంకెలు ఏ కలర్ స్పేస్‌వో చెప్పే చీటీ) లేకుండా పంపినా, ఉన్న ప్రొఫైల్‌ను అవతలి మెషీన్ పట్టించుకోకపోయినా, ఆ అంకెల్ని అది ఎస్‌ఆర్‌జీబీ అనుకునే చదువుతుంది. ముఖాలు పాలిపోతాయి, ఆకుపచ్చలు చప్పబడతాయి, ఆల్బమ్ అంతా డల్ కొడుతుంది. ల్యాబ్ బరంపురంలో ఉన్నా విశాఖలో ఉన్నా ఇంతే. ఇక్కడ చాలామంది ఫోటోషాప్‌లో అసైన్ ప్రొఫైల్ నొక్కి పని అయిందనుకుంటారు. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారుతుంది. కన్వర్ట్ టు ప్రొఫైల్ చేస్తే అంకెలు మారి రంగు వీలైనంత వరకు అలాగే ఉంటుంది. ల్యాబ్‌కు పంపేముందు చేయాల్సింది రెండోది. సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్ ఎంబెడ్ టిక్కు తీయకూడదు. ‘ఎస్‌ఆర్‌జీబీ చేసి, ప్రొఫైల్ ఉంచి పంపు తమ్ముడూ’ అనే ల్యాబ్ అన్న దొరికితే వదులుకోకండి.

మరి అడోబ్ ఆర్‌జీబీ ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది, సొంత ఇంక్‌జెట్ ఉంటే. వానాకాలం మహేంద్రగిరి పచ్చదనం, గోపాల్‌పూర్ సముద్రం మీది నీలి పచ్చ ఎస్‌ఆర్‌జీబీలో కుదించుకుపోతాయి. ఎక్కువ సిరాల ప్రింటర్, మంచి గ్లాసీ పేపర్, ఆ పేపర్‌కు తయారైన ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటర్, ఆ పేపర్ మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) మూడూ ఉంటే తేడా కంటికి కనిపిస్తుంది. మ్యాట్ పేపర్ మీద అంత ఆశించొద్దు. రంగుల బాధ్యత ఫోటోషాప్‌కు అప్పగించినప్పుడు ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ సవరణ ఆపేయాలి. ఇద్దరూ దిద్దితే ప్రింటు చెడిపోతుంది. ప్రోఫోటో అని ఇంకో కలర్ స్పేస్ ఉంది, అందులో కంటికే కనిపించని రంగులు కూడా ఉన్నాయి. 16 బిట్‌లో (రంగుకు ఎక్కువ మెట్లుండే ఫైలు) ఎడిటింగ్ చేసుకోవడానికి బాగుంటుంది గానీ బయటికి పంపేది కాదు.

రా తీసేవాళ్లకు కెమెరాలో పెట్టిన సెట్టింగ్‌తో టెన్షన్ లేదు. అది జేపెగ్‌కు, వెనక స్క్రీన్ మీది ప్రివ్యూకు మాత్రమే. ఇబ్బందల్లా పెళ్లికి ఇద్దరు ముగ్గురు కెమెరామెన్ వచ్చి, ఎవరి కార్డు వాళ్లు ఇచ్చి పోయినప్పుడు. అప్పుడు ఫైలు పేర్లు చూడండి. అడోబ్ ఆర్‌జీబీ పెట్టిన కెమెరాల్లో చాలావాటి ఫైలు పేరు అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది. వాటిని విడదీసి, ముందే ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ఆ తర్వాతే ఆల్బమ్ పేజీల్లో పెట్టాలి.

‘ప్రింటు నల్లగా వచ్చింది’ అని కస్టమర్ గోల పెడితే మాత్రం ప్రొఫైల్‌ను తిట్టకండి. చాలాసార్లు తప్పు మానిటర్ బ్రైట్‌నెస్‌ది. షాపులో ట్యూబ్‌లైట్ వెలుగుకు పోటీగా దాన్ని పూర్తిగా పెంచి కూర్చుంటాం. చదరపు మీటరుకు 120 క్యాండెలా (వెలుగు కొలత) చుట్టుపక్కల ఉంచమని ప్రింటు పనివాళ్లు అంటారు. కొలిచే పరికరం లేకపోతే ల్యాబ్ నుంచి వచ్చిన ఒక మంచి ప్రింటును స్క్రీన్ పక్కన వెలుగులో పట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ దించుకోండి.